కూపన్ వెనకాల చీమతలకాయంత అక్షరాలు

ఆదిలాబాద్‌లో ఒక సూపర్ మార్కెట్. దీపావళికి ఇంకా మూడు రోజులుంది. నేను బండి పార్కింగ్‌లో పెట్టి లోపలికి వచ్చేసరికి అమ్మ బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఉంది. సంచిలో వేసుకున్న సామాన్లలోంచి ఒక్కొక్కటీ తీసి మళ్లీ కౌంటర్ మీద పెడుతోంది.

"ఈ రెండు నూనె ప్యాకెట్లు తీసెయ్యి బిడ్డా. ఈ కాజు కూడ వద్దు."

వెనక లైన్లో పది మంది దాకా ఉన్నారు. ఒకాయన గడియారం చూసుకుంటున్నాడు. కౌంటర్‌లో ఉన్న అమ్మాయికి ఇరవై ఏళ్లుంటాయేమో, తలెత్తకుండా ఒక్కో వస్తువునీ బిల్లులోంచి తీసేస్తోంది. అమ్మ ఎడమ చేతిలో ఐదు కూపన్లు అలాగే ఉన్నాయి. దసరాకు వచ్చినప్పుడు కరీంనగర్ నుంచి నేను తెచ్చిచ్చినవే. ఒక్కొక్కటి వంద రూపాయలు.

"ఏమైందమ్మా?"

"నడవయట రా ఇవి."

అంతే అంది. గొంతులో కోపం లేదు. దొంగనోటు తెచ్చి దొరికిపోయినట్టుగా ఉంది ఆమె మొహం. నాకు ఇప్పటికీ గుర్తున్నది ఆ మొహమే, ఐదు వందలు కాదు.

ఆ రోజు అక్కడ ఏం జరిగింది, తర్వాత ఫోన్ పట్టుకుని నేనేం తెలుసుకున్నాను, చివరికి ఏమైంది... అన్నీ చెప్తాను. ఎందుకంటే మీ పర్సులోనో, ఫోన్ మెసేజీల్లోనో ఇలాంటి కూపన్ ఒకటైనా ఉండే ఉంటుంది.

ఆశ పుట్టింది కరీంనగర్‌లో

నేను కరీంనగర్‌లో చిన్న ప్రైవేట్ ఉద్యోగం చేస్తాను. మంకమ్మతోటలో ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి రూమ్. దసరాకు ఇంటికి వెళ్లేముందు శనివారం సాయంత్రం సరుకులు కొందామని ఒక సూపర్ మార్కెట్‌కి వెళ్లాను. పేరు చెప్పను. మా ఆదిలాబాద్‌లో కూడా దానికి బ్రాంచి ఉంది, ఈ కథకు అంత చాలు.

గుమ్మం దగ్గరే పెద్ద బ్యానర్. పసుపు రంగు మీద ఎర్రటి తెలుగు అక్షరాలు: "3,000 కొనండి, 500 తిరిగి పొందండి!" ఫొటో తీసి "మామా, ఆఫర్ చూడు" అని రూమ్మేట్‌కి వాట్సాప్‌లో పెట్టాను. ఆ ఫొటో తర్వాత ఎంత పనికొస్తుందో అప్పుడు తెలీదు.

నా బుట్టలో ఉన్నవి 2,640 రూపాయల సామాన్లు. ఇంకో 360 కొంటే 500 వస్తాయి. ఎవరికైనా చెయ్యి ఆగుతుందా? 249 పెట్టి ప్లాస్టిక్ డబ్బాల సెట్టు, 139 పెట్టి రూమ్ ఫ్రెషనర్ వేశాను. నిజానికి మా రూమ్‌లో డబ్బాలకు చోటే లేదు. బిల్లు 3,028 అయింది. కౌంటర్‌లో బిల్లుకు ఐదు వంద రూపాయల కూపన్లు పిన్ను కొట్టి ఇచ్చారు. ముందువైపు పెద్ద తెలుగు అక్షరాల్లో "మీ తర్వాతి కొనుగోలుపై రూ.100 తగ్గింపు". దాని కింద దీపం బొమ్మ. వెనకవైపు నేను చూడలేదు. మీరైతే చూసేవారా?

ఇంట్లో అమ్మకు ఇచ్చాను. అమ్మ జాకెట్లు కుడుతుంది. కూపన్లు చూసి మురిసిపోయింది. "దీపావళి సామాన్లకు దాస్త" అని దేవుడి పటం వెనక పెట్టింది.

ఒక షరతు కాదు, నాలుగు

మళ్లీ ఆదిలాబాద్ కౌంటర్ దగ్గరికి వద్దాం. అమ్మ చీటీ రాసుకుని లెక్క కట్టుకుని మరీ వచ్చింది. బియ్యం, కందిపప్పు, నూనె, చక్కెర, సబ్బులు, లడ్డూల్లోకి కాజు. మొత్తం 1,312. అందులోంచి 500 పోతే 812. ఆమె దగ్గర జాకెట్ల పైసలు 900 ఉన్నాయి. లెక్క సరిగ్గా సరిపోయింది, కూపన్లు నడిస్తే.

నేను అడిగితే కౌంటర్ అమ్మాయి చెప్పింది, "అన్నా, ఒక బిల్లుకు ఒక్క కూపనే."

"సరే, ఒకటైనా కొట్టండి."

"బిల్లు 1,500 కావాలన్నా."

ఇంతలో మేనేజర్ వచ్చాడు. చదువుకున్నవాడు, మర్యాదస్తుడే. కూపన్ తిప్పి చూసి ఇంకో రెండు చెప్పాడు. బియ్యం, పప్పు, నూనె, చక్కెరకు కూపన్ వర్తించదట. పైగా ఇవి కరీంనగర్ బ్రాంచి కూపన్లట, అక్కడే వాడాలట.

"ఇవన్నీ ఎక్కడ రాసున్నాయండీ?"

"వెనకాల ఉంది సార్. కండిషన్స్ అప్లై."

అప్పుడు చూశాను. కూపన్ వెనక చీమతలకాయంత అక్షరాలు, ఐదు లైన్లు. అంతా ఇంగ్లిష్. చివరి లైనులో తుది నిర్ణయం యాజమాన్యానిదే అని ఉంది.

నేను నోరు తెరిచేలోపే అమ్మ అడిగింది. "నేను తెలుగు చదువుత సార్. ముందుదిక్కు చదివిన. ఇస్తమని చెప్పేది మా భాషల రాసి, ఇయ్యమని చెప్పేది ఇంగ్లిష్ల రాస్తే నాకెట్ల తెలుస్తది?"

లైన్లో ఉన్న ఒకామె నవ్వింది. "మంచిగడిగినవ్ అక్కా" అంది. మేనేజర్‌కి మాత్రం నవ్వు రాలేదు. "ఇది ఫ్రీగా ఇచ్చిన కూపన్ కదా మేడమ్. దానికి కూడా గొడవ అయితే ఎట్లా?" అన్నాడు.

నాకు తల తిరిగింది. గొంతు పెంచాను. "మీ అమ్మాయితో ఈ ఐదు కూపన్లు ఇప్పుడే కొట్టించండి, లేదంటే కదలను" అన్నాను. అప్పుడు ఆ అమ్మాయి మెల్లగా, నాకొక్కడికే వినపడేలా అంది: "అన్నా, నేను కొడితే సాయంత్రం లెక్కల తేడా వస్తది. నా జీతంల పట్టుకుంటరు."

అక్కడితో నా నోరు పడిపోయింది. ఇందాకటి నుంచీ నేను అరుస్తున్నది ఎవరి మీద? ఆ షరతులు రాసినవాళ్లు ఏదో ఆఫీసులో ఏసీలో ఉన్నారు. వాటి తరఫున మాటలు పడుతున్నది మాత్రం ఈ పిల్ల.

మిగతా డబ్బు నేనే కట్టేద్దామని ఫోన్ తీశాను. స్కాన్ చేస్తే అరనిమిషంలో అయిపోతుంది. అమ్మ చెయ్యి పట్టుకుంది. "వద్దు. ఉన్న పైసలకే కొంట" అంది. బిల్లు 892 అయింది. ఎనిమిది రూపాయల చిల్లర తీసుకుని బయటికి నడిచింది.

ఇంటికి వెళ్తుంటే బండి మీద వెనక నుంచి అంది, "వందకు ఆశపడితిమి. పది మందిల పరువు పాయె."

ఫ్రీ అంటే నిజంగా ఫ్రీయేనా?

రాత్రి నిద్ర పట్టలేదు. మేనేజర్ అన్న "ఫ్రీ" అన్న మాటే తిరుగుతోంది. ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచాను.

బ్యానర్ చూస్తే నాకు అర్థమైంది ఏంటి? 3,000కి 500 వెనక్కి. అంటే 16 శాతం పైనే తగ్గింపు. ఇప్పుడు వెనక అక్షరాల ప్రకారం లెక్కేద్దాం. ఒక బిల్లుకు ఒకే కూపన్, ప్రతి బిల్లూ 1,500 ఉండాలి. ఐదు కూపన్లు వాడాలంటే ఇంకో 7,500 కొనాలి. నేను ముందే పెట్టిన 3,028 కలిపితే 10,528. దాని మీద 500 అంటే 5 శాతం కూడా కాదు. పైగా ఆ 1,500లో బియ్యం, పప్పు, నూనె, చక్కెర లెక్కలోకి రావు. మా ఇంట్లో నెల సరుకుల్లో అవి తీసేస్తే మిగిలేది సబ్బులు, టీపొడి, ఉప్పు.

ఇక ఆ 500 కోసం నేను కొన్న అక్కరలేని డబ్బాలు, రూమ్ ఫ్రెషనర్... 388 రూపాయలు. కూపన్ ఫ్రీగా రాలేదు. దాని ధర నేను ముందే కట్టాను.

చిన్నప్పుడు మా గల్లీలో ఒక కిరాణం ఉండేది. సామాన్లన్నీ కట్టాక సేటు నా చేతిలో చిన్న బెల్లం ముక్క పెట్టేవాడు. అది కొసరు. దానికి చీటీ లేదు, షరతు లేదు. ఆ సేటు ధర్మరాజేమీ కాదు, తూకంలో అప్పుడప్పుడు చెయ్యి చూపించేవాడని అమ్మే చెప్తుంది. కానీ ఇస్తానన్న బెల్లం ముక్కను "వచ్చేసారి 1,500 కొంటే ఇస్త" అని ఎప్పుడూ అనలేదు.

కొసరు ఇచ్చేది వచ్చిన మనిషి సంతోషంగా వెళ్లాలని, కూపన్ ఇచ్చేది మళ్లీ రావాలని. ఇందులో తప్పేం లేదు, వ్యాపారం అంటేనే అది. 1887లో అమెరికాలో కోకాకోలా వాళ్లు ఒక గ్లాసు ఉచితమంటూ టికెట్లు పంచినప్పటి నుంచీ కూపన్ పని అదే. కాకపోతే ఆ టికెట్ తీసుకెళ్తే గ్లాసు నిజంగా చేతికొచ్చేది.

చట్టం ఏమంటోంది?

మనకు 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. దానికి రాష్ట్రపతి ఆమోదం దొరికిన డిసెంబర్ 24నే ఏటా జాతీయ వినియోగదారుల దినోత్సవంగా జరుపుతారు. ఆన్‌లైన్ షాపింగ్ కాలానికి సరిపోయేలా 2019లో కొత్త చట్టం చేశారు. 2020 జులై నుంచి అది అమల్లో ఉంది.

ఆ చట్టంలో "ప్రకటన" అంటే ఏంటో చదివితే నవ్వొచ్చింది. కాంతి, శబ్దం, పొగ, గ్యాస్, అచ్చు, ఇంటర్నెట్... వీటిలో దేని ద్వారా చెప్పినా ప్రకటనే. లేబుల్, రేపర్, బిల్లు కూడా అందులోకి వస్తాయి. అలాంటప్పుడు అచ్చేసి చేతికిచ్చిన కూపన్‌ని కాదంటే ఎలా?

అసలు నన్ను లేపి కూర్చోబెట్టింది మాత్రం ఇంకోటి. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో మార్గదర్శకాలు తెచ్చింది. షరతుల గురించి అందులో స్పష్టంగా ఉంది. ప్రకటన ఏ భాషలో ఉంటే షరతు కూడా ఆ భాషలోనే ఉండాలి. ప్రకటనకు ఏ ఫాంట్ వాడారో షరతుకూ అదే ఫాంట్ వాడాలి. కళ్లకు కనపడే చోట ఉండాలి. ముందు చెప్పిన మాటకు అడ్డం తిరిగేలా షరతు ఉండకూడదు.

అంటే కౌంటర్ దగ్గర మా అమ్మ అడిగిన ప్రశ్నే! ఆమె ఏ గెజిట్టూ చదవలేదు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. షరతులు పెట్టడమే తప్పు అని చట్టం అనదు. ఒక బిల్లుకు ఒకే కూపన్ అనొచ్చు, కనీస బిల్లు పెట్టొచ్చు. కానీ కొనకముందే, అర్థమయ్యేలా చెప్పాలి. గొడవంతా అక్కడే.

"యాజమాన్యానిదే తుది నిర్ణయం" అనే లైను చూసి చాలామంది ఆగిపోతారు. దానికి భయపడక్కర్లేదు. కూపన్ వెనక ఏం అచ్చేసినా, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే మీ హక్కును అది తీసేయలేదు.

చిన్న మొత్తాలు, పెద్ద తీర్పులు

వందకు, మూడు రూపాయలకు కేసులేంటని అనుకుంటాం. అలా అనుకోనివాళ్ల వల్లే మనకు కొన్ని మంచి తీర్పులు వచ్చాయి.

2019లో చండీగఢ్‌లో ఒకాయన బాటా షోరూంలో బూట్లు కొన్నాడు. కాగితం సంచికి 3 రూపాయలు బిల్లులో వేశారు. సంచి మీద వాళ్ల బ్రాండ్ పేరే ఉంది. మీ ప్రచారానికి నేనెందుకు డబ్బు కట్టాలని ఫోరానికి వెళ్లాడు. 3 రూపాయలు వెనక్కివ్వడంతో పాటు పరిహారం, ఖర్చులు, న్యాయ సహాయ ఖాతాకు జమ అన్నీ కలిపి షోరూమ్‌కి సుమారు 9,000 పడింది.

2020 డిసెంబర్‌లో బిగ్ బజార్ సంచుల కేసులో జాతీయ కమిషన్ ఇంకా ముఖ్యమైన మాట చెప్పింది. సంచికి అదనంగా తీసుకుంటామన్న సంగతి, ఆ షాపుకి రావాలా వద్దా అని వినియోగదారుడు నిర్ణయించుకునే ముందే తెలియాలి. కౌంటర్ దగ్గరికొచ్చాక చెప్తే లాభం లేదు. సంచికి వర్తించే న్యాయం కూపన్‌కి వర్తించదా?

డిస్కౌంట్ల మీద కూడా తీర్పు ఉంది. ఉడ్‌ల్యాండ్ షోరూమ్‌లో "ఫ్లాట్ 40 శాతం తగ్గింపు" అని ప్రకటించి, తగ్గించిన ధర మీద మళ్లీ వ్యాట్ వేశారు. ఎమ్మార్పీ అంటేనే పన్నులన్నీ కలిపిన ధర. అలాంటప్పుడు తగ్గింపు తర్వాత మళ్లీ పన్ను వేస్తే చెప్పిన 40 శాతం రాదు. 2017 జనవరిలో జాతీయ కమిషన్ దాన్ని అనుచిత వ్యాపార పద్ధతి అంది.

బయటి దేశాల్లో ఈ గొడవ ఇంకా పాతది. లండన్‌లో ఒక కంపెనీ, తమ పొగబంతి వాడినా ఫ్లూ వస్తే 100 పౌండ్లు ఇస్తామని 1891లో పేపర్లో వేసింది. కార్లిల్ అనే ఆవిడ వాడింది, ఫ్లూ వచ్చింది, డబ్బులడిగింది. అది ఉత్త ప్రకటనేనని కంపెనీ తప్పించుకోబోయింది. 1892లో అప్పీల్ కోర్టు ఒప్పుకోలేదు, ఇస్తానన్నది ఇవ్వాల్సిందే అంది. మన దగ్గర లా చదివే పిల్లలకు మొదట్లోనే చెప్పే కేసు ఇది.

1992లో బ్రిటన్‌లో హూవర్ కంపెనీది మరీ విచిత్రం. 100 పౌండ్ల పైన కొంటే రెండు విమాన టికెట్లు ఉచితం అన్నారు. ఫారాలు, గడువులు, షరతులు చూసి చాలామంది మధ్యలోనే వదిలేస్తారని వాళ్ల లెక్క. జనం వదల్లేదు, గుంపు కట్టి కోర్టులకెక్కారు. కంపెనీకి దాదాపు 5 కోట్ల పౌండ్ల నష్టం వచ్చింది. 1995లో దాని యూరప్ వ్యాపారాన్నే అమ్మేశారు.

ఆ హూవర్ కథలో నాకు మా కౌంటర్ కనిపించింది. మనం మధ్యలో వదిలేస్తామన్నదే ఈ కూపన్ల వెనక ఉన్న అసలు లెక్క. లైన్లో పది మంది చూస్తుంటే ఎవరు వాదిస్తారు? ఫోన్ తీసి స్కాన్ చేసి వెళ్లిపోతాం. నేనూ అదే చేయబోయాను.

1915కి ఫోన్ చేశాను

తెల్లారి అమ్మతో చెప్పాను, ఫిర్యాదు చేస్తానని. "ఆ పిల్ల ఉద్యోగం పోతదేమో?" అదీ ఆమె మొదటి మాట. కౌంటర్ అమ్మాయి ప్రస్తావనే రాకుండా, కూపన్ అచ్చు గురించే రాస్తానని మాటిచ్చాను.

1915 అనేది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. కాల్ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ఇది కోర్టు కాదు, ఎవరికీ జరిమానా వేయదు. మన ఫిర్యాదు నమోదు చేసుకుని, నంబర్ ఇచ్చి, కంపెనీకి పంపి జవాబు అడుగుతుంది. కేసు దాకా పోకుండా తేలిపోవడానికి అదొక మెట్టు.

నా దగ్గరున్నవి చూసుకున్నాను. కూపన్లకు పిన్ను కొట్టి ఉండటంతో కరీంనగర్ బిల్లు అలాగే ఉంది. కూపన్ ముందు, వెనక ఫొటోలు. ఆదిలాబాద్ బిల్లు. ఇక బ్యానర్ ఫొటో? రూమ్మేట్‌కి పంపిన "మామా, ఆఫర్ చూడు" మెసేజ్ తేదీ, టైముతో సహా వాట్సాప్‌లో భద్రంగా ఉంది. బ్యానర్ మీద ఎక్కడా షరతుల మాట లేదు.

ఫిర్యాదులో రెండే అడిగాను. ఒకటి, కూపన్లు చెప్పినట్టు చెల్లించాలి. రెండు, షరతులు తెలుగులో, చదవగలిగేలా వేయాలి.

కంపెనీ ఒప్పుకోకపోతే ఏం చేయాలో కూడా చూసి పెట్టుకున్నాను. కొన్నది కరీంనగర్‌లో కదా, కేసు అక్కడే వేయాలేమో అనుకున్నాను. అక్కర్లేదు. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటైనా, పనిచేసే చోటైనా వేయొచ్చు. కరీంనగర్‌లోనూ ఆదిలాబాద్‌లోనూ జిల్లా వినియోగదారుల కమిషన్లున్నాయి. వస్తువుకు మనం కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. సంఘటన జరిగిన రెండేళ్ల లోపు వేయాలి. 2025 జనవరి నుంచి ఈ-జాగృతి అనే పోర్టల్ కూడా ఉంది, ఇంటి నుంచే దాఖలు చేసుకోవచ్చు.

కొన్ని రోజులకు కంపెనీ కస్టమర్ కేర్ నుంచి ఫోనొచ్చింది. మొదట "మీకోసం స్పెషల్‌గా ఐదు కూపన్లూ ఒకేసారి తీసుకుంటాం సార్" అన్నారు. స్పెషల్‌గా వద్దు, బ్యానర్ మీద చెప్పినట్టు ఇవ్వండి చాలు అన్నాను. రెండో సంగతి ఏమైందని అడిగితే "పైకి పంపిస్తాం" అన్నారు.

అమ్మ మళ్లీ అదే కౌంటర్‌కి వెళ్లింది. ఈసారి నేను పక్కనే ఉన్నాను. రెండు నూనె ప్యాకెట్లు, కాజు, ఇంకొన్ని సామాన్లు కొంది. అదే అమ్మాయి ఐదు కూపన్లూ కొట్టింది. "ఆంటీ, మీరడిగినంక మాకు కూడ చెప్పిండ్రు. కూపన్ ఇచ్చేటప్పుడే షరతులు చెప్పాల్నట" అంది. అమ్మ ఆ అమ్మాయి చేతిలో ఒక చాక్లెట్ పెట్టి "కొసరు" అని నవ్వింది.

మీ చేతిలో కూపన్ ఉంటే...

నాకు తెలిసొచ్చిన కొన్ని సంగతులు:

* కూపన్ చేతికి రాగానే వెనక్కి తిప్పండి. అక్షరాలు కనపడకపోతే ఫొటో తీసి జూమ్ చేయండి. ఇంగ్లిష్ అయితే ఫోన్‌లోనే తెలుగులోకి మార్చి చూడొచ్చు.

* సామాన్లు కొట్టించకముందే కౌంటర్‌లో అడగండి: "ఇవి నడుస్తాయా? ఎన్ని నడుస్తాయి?" బిల్లయ్యాక అడిగితే ఇబ్బంది పడేది మనమే.

* ఆఫర్ బ్యానర్, ఎస్సెమ్మెస్, యాప్ స్క్రీన్ ఏదైనా ఫొటోనో, స్క్రీన్‌షాటో ఉంచుకోండి. ఆఫర్ అయిపోయాక బ్యానర్ ఉండదు, మీ ఫోన్లో మాత్రం ఉంటుంది.

* బిల్లు పారేయొద్దు. అడిగినా బిల్లు ఇవ్వకపోవడం కూడా చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే.

* కౌంటర్‌లో ఫోన్ నంబర్ ఇవ్వనంటే బిల్లే చేయమని పట్టుబట్టొద్దని 2023 మేలో కేంద్రం వ్యాపారులకు సలహా ఇచ్చింది. ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం.

* 500 కోసం 388 అదనంగా కొనేముందు ఒక్కసారి ఆగండి. ఇది నాకు నేను చెప్పుకుంటున్నది.

* అన్నిటికన్నా ముఖ్యం, కౌంటర్‌లో ఉన్నవాళ్ల మీద అరవొద్దు. షరతులు రాసింది వాళ్లు కాదు. మన వయసు పిల్లలే, నెల జీతం మీద బతికేవాళ్లే. గొడవ పడాల్సింది కంపెనీతో, కాగితం మీద.

సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ కొత్త కూపన్ చూపించింది. అదే షాపుది. ముందువైపు ముగ్గు, గొబ్బెమ్మల బొమ్మ. వెనక్కి తిప్పాను. షరతులు తెలుగులో ఉన్నాయి! అది నా ఫిర్యాదు వల్లేనని చెప్పుకోను, ఇంకా ఎంతమంది అడిగారో ఏమో. అక్షరాలు మాత్రం ఇంకా చీమతలకాయంతే.

"ఫోన్ తియ్యి రా, పెద్దగ చేసి సూద్దం" అంది అమ్మ, కళ్లజోడు సర్దుకుంటూ.